పాప ఉచ్చ పోసేదాకా

మా పాపకు మాటలు రాకముందే నేను దానితో ఒక జీవితానికి సరిపడా మాట్లాడేశాను. వేరే ఎవరున్నారు గనక? నల్గొండలో మేము కిరాయికి తీసుకున్న గది ఒక మేడ వెనకాల, మెట్ల కింద ఉండేది. మా ఆయన రోడ్లు వేసే చోట రోలర్ నడిపేవాడు. పని ఎక్కడుంటే అక్కడే రేకుల షెడ్డులో పడుకుని, ఎప్పుడో ఒకసారి ఇంటికి వచ్చేవాడు. వచ్చినా తిని నిద్రపోయేవాడు. పాపం, రోజంతా ఆ రోలర్ చప్పుడులో ఉన్న మనిషికి మాట వినడమంటేనే విసుగు.

నేను పుట్టింది ఆత్మకూర్ దిక్కు పల్లెలో, గొర్లు కాసే ఇంట్లో. పదో తరగతితో చదువు ఆపేశాను. మా ఇంట్లో ఎవరూ మెల్లగా మాట్లాడరు. అమ్మ మందకు ఈ కొసన ఉంటే బాపు ఆ కొసన ఉంటాడు. "ఉప్పు తెచ్చినవా" అని అడగాలన్నా మధ్యలో గొర్లన్నీ తలెత్తి చూసేంత గట్టిగా అరవాల్సిందే. అదే గొంతుతో నేను నల్గొండ వచ్చాను. మొదటి రోజు గుమ్మంలో నిలబడి ఎదురింటామెను "అక్కా, నల్లా ఎప్పుడొస్తది?" అని అడిగితే ఆమె లోపలికి పోయి కిటికీ వేసుకుంది. ఏదో గొడవ జరుగుతోందనుకుందట.

అందుకని పాపతోనే మాట్లాడేదాన్ని. పప్పు పొంగిందనీ, కరెంటు పోయిందనీ, మీ నాయిన ఈ వారం కూడా రాడట అనీ చెప్పేదాన్ని. దానికి ఇంకా ఏడాది నిండలేదు. కానీ నేను ఏది చెప్పినా పెదవులు ముందుకు పెట్టి, కళ్లు పైకెత్తి, "ఊ" అనేది. అర్థమైందో లేదో దేవుడికెరుక. నాకు మాత్రం ఆ "ఊ" చాలు. ఇంకో మాట చెప్పడానికి బలం వచ్చేది.

ఆ ఎండాకాలం ఓనరమ్మ వాళ్లంతా పెళ్లికని ఊరికి పోయారు. మేడ మొత్తానికి నేనూ పాపే మిగిలాం. ఒక పొద్దున పాప తాగిన పాలన్నీ కక్కేసింది. పాలు ఎక్కువయ్యాయేమో అనుకుని భుజం మీద వేసుకుని తట్టాను. మళ్లీ కక్కింది. కాసేపటికి నీళ్ల విరేచనాలు మొదలయ్యాయి. ముందు దిష్టి అనుకున్నాను. ఉప్పూ ఎండుమిరపకాయలూ దాని చుట్టూ తిప్పాను కానీ, గ్యాస్ పొయ్యిలో ఎట్లా వేస్తారు? పెనం మీద వేశాను. ఘాటుకు నాకే దగ్గొచ్చి కళ్లల్లో నీళ్లు కారాయి. పాప నన్ను చూసి ఏడ్చింది.

ఆ తర్వాత మా ఇంట్లో చూసిందే చేశాను. గొర్రెపిల్లకు పారుడు పట్టిందంటే బాపు ముందు చేసే పని దాన్ని తల్లి నుంచి విడదీసి గంప కింద మూయడం. కడుపు ఖాళీగా ఉంటే దానంతటదే సర్దుకుంటుందంటాడు. నేను కూడా పాపకు పాలు ఆపేశాను. నీళ్లూ ఆపేశాను. తాగితేనే కదా కక్కుతోంది, తాగకపోతే ఏం కక్కుతుంది అనుకున్నాను. నేను నీళ్లు తాగుతుంటే అది గ్లాసు వైపే చూస్తూ పెదవులు తడుపుకుంది. గ్లాసు తీసి బిందె వెనకాల పెట్టాను.

అమ్మకు ఫోన్ చేస్తే స్విచాఫ్. ఎండాకాలం అమ్మా బాపూ మందను తోలుకుని కృష్ణ ఒడ్డు దిక్కు పోతారు. ఎవరైనా రైతు రమ్మంటే వాళ్ల చేనులో మంద పెడతారు, చేనుకు ఎరువవుతుందని. ఉప్పుకో చాపత్తకో ఊళ్లోకి పోయినప్పుడు ఏదో ఒక కొట్టులో ఫోన్ చార్జింగ్ పెట్టుకుంటారు. అప్పటిదాకా వాళ్లు ఏ చేనులో ఉన్నారో నాకు తెలియదు, నేను ఎట్లా ఉన్నానో వాళ్లకు తెలియదు. మా ఆయనకు చేశాను. రోలర్ చప్పుడులోంచి ఆయన గొంతు వినిపించింది.

"ఏందే?"

"పాప కక్కుతాంది. పొద్దటికెల్లి ఒకటే కక్కుడు."

"దవాఖానకు తీస్కపో. ఈడ డాంబర్ వోస్తున్నరు, నేను మళ్ల జేస్త."

మధ్యాహ్నానికి పాప మెత్తబడింది. నేను మాత్రం మాట్లాడుతూనే ఉన్నాను. "అవ్వ ఫోన్ ఎత్తుతలేదు బిడ్డా, మీ తాత చార్జింగ్ వెట్టుడు మర్శిపోయిండు" అని చెప్పి దాని మొహం చూశాను. అది నా దిక్కు చూసింది, అంతే. పెదవులు కదలలేదు. ఇంకో మాట చెప్పాను. "ఊ" రాలేదు. కళ్లు లోపలికి పోయినట్టున్నాయి. కాసేపటికి సన్నగా ఏడ్చింది, కానీ చెంపల మీద ఒక్క చుక్క లేదు. కన్నీళ్లు లేకుండా ఏడ్చే బిడ్డను నేను అప్పటిదాకా చూడలేదు. గది అంత నిశ్శబ్దంగా ఉండడం కూడా అదే మొదటిసారి. భుజాన వేసుకుని బయటపడ్డాను.

బస్టాండు వెనక గల్లీలో ఒక పెద్ద వయసు డాక్టరు ఉండేవాడు. జ్వరానికీ, షుగరుకీ, తేలు కుట్టినా అందరూ ఆయన దగ్గరికే పోయేవాళ్లు. కింద దవాఖాన, పైన ఆయన ఇల్లు. ఆయన పాప పొట్ట మీది చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి వదిలాడు. ఆ మడత విడిపోవడానికి జరసేపు పట్టింది. నడినెత్తి మీద మెల్లగా చెయ్యి పెట్టాడు. అక్కడ గుంట పడి ఉంది.

"ఉచ్చ ఎప్పుడు పోసింది?" అని అడిగాడు.

"పొద్దుగాల లేసినప్పుడు సార్. మళ్ల పొయ్యలే."

"తాగనీకి ఏమిచ్చినవ్?"

"ఏమియ్యలే సార్. కక్కుతాందని ఆపిన."

"నీ పాలు గూడ?"

"పాలు గూడ."

"ఎవలు జెప్పిన్రమ్మా ఆపుమని?"

"ఎవలు జెప్పలే సార్. మా ఇంట్ల గొర్రెపిల్లలకు గట్లనే పాలాపి గంప కింద మూస్తరు."

తిడతాడనుకున్నాను. ఆయన కళ్లద్దాలు నెత్తి మీదికి తోసుకుని, "గొర్రెపిల్ల ముచ్చట నాకెరుక లేదు. గీ పిల్లకు మాత్రం నీళ్లు కావాలె. ఒంట్ల నీళ్లన్ని పోయినయి. గవి మళ్ల లోపటికి పోవాలె" అన్నాడు.

"అయితె సీసా ఎక్కియ్యున్రి సార్. గ్లూకోజ్ సీసా."

"ఎందుకు?"

"నోట్లెకెల్లి తాపితె మళ్ల నోట్లెకెల్లే వస్తది గద సార్. సూదితోని ఎక్కిస్తె ఎట్లొస్తది?"

ఆయన నవ్వాడు. "తెలివి గలదానివే. కానీ సూడు, పిల్ల కండ్లు తెరిచే ఉన్నది. మింగుతాంది. నోరు పనిజేస్తుండంగ ఆ సన్న చేతికి సూదెందుకు?"

పెట్టెలోంచి ఒక పొడి పాకెట్ తీసి ఇచ్చి, కాచి చల్లార్చిన నీళ్ల డ్రమ్ము చూపించాడు. లీటరు సీసా నిండా నీళ్లు పట్టించి, పాకెట్ మొత్తం ఆయన ముందే కలపమన్నాడు. వాంతి తగ్గడానికి ఒక మోతాదు మందు ఆయనే పాప నోట్లో పోశాడు.

"ఈడనే వరండాల కూసో. ఒక చెంచా తాపు, జర ఆగు, మళ్ల ఒక చెంచా. నడుమ నడుమ నీ పాలు గూడ ఇయ్యి. కక్కితె పది నిమిషాలు ఆగి మళ్ల మెల్లగ షురూ జెయ్యి. పొద్దుగూకక ముందే ఉచ్చ పోస్తె ఇంటికి పోవచ్చు. పొయ్యకపోతె మాత్రం పెద్ద దవాఖానకు రాసిస్త, సీసా ఆడ ఎక్కిస్తరు. నడుమల మింగుడు బంద్ జేసినా, మత్తుల వడ్డా పొద్దుగూకేదాక ఆగేది లేదు, జల్ది నన్ను పిలువు." ఆగి అడిగాడు. "నీతోని ఎవరన్న ఉన్నరా?"

"ఎవ్వల్లేరు సార్."

"ఫోన్ జేస్తె వచ్చేటోళ్లు?"

నేను తల అడ్డంగా ఊపాను. పాపకు చర్మం మడత పడ్డప్పుడు కూడా రాని ఏడుపు ఆ ప్రశ్నకు వచ్చింది. పెద్ద దవాఖాన నాకు తెలుసు. అక్కడ బిడ్డను పట్టుకోవడానికి ఒకరు, మందులకు ఉరకడానికి ఒకరు, అన్నం తేవడానికి ఒకరు కావాలి. అక్కడ ప్రతి మంచం చుట్టూ ఒక ఊరు ఉంటుంది. నాకు నేనే ఉన్నాను.

వరండాలో బెంచీ మీద ఒక ముసలామె కూర్చుని ఉంది. నల్ల బుర్ఖా, ముసుగు వెనక్కి వేసుకుంది, కాలి బొటనవేలుకు కట్టు. గాజుల దుకాణం ఉందట వాళ్లకు. షుగరు పుండుకు కట్టు మార్పించుకుని, కొడుకు ఆటో తెచ్చేదాకా ఎదురుచూస్తోంది. నేను వచ్చి కూర్చోగానే జరిగి జాగా ఇచ్చింది.

మొదటి చెంచా పెట్టగానే పాప చెంచాను రెండు చేతులతో పట్టుకుంది. ఎంత దాహంగా ఉందో! రెండో చెంచాకు ఆగలేక ఏడ్చింది. నాకు ప్రాణం ఒప్పలేదు. పొద్దటి నుంచి గ్లాసు దాచిందాన్ని నేనే కదా. గ్లాసులో పోసి నోటికి అందించాను. గటగటా తాగింది. నేను సంతోషంగా ముసలామె వైపు చూసేలోపే తాగిందంతా బయటికి వచ్చింది. నా చీర మీదా, ఆమె బుర్ఖా మీదా పడింది.

"అరె అల్లా! నా బుర్ఖాకు గూడ తాపినవా బేటీ?"

"తప్పయింది ఖాలా, తప్పయింది" అంటూ కొంగుతో తుడవబోయాను.

"ఏ, ఇడువు. నలుగురు పిల్లల్ని సాకిన బుర్ఖా ఇది. ఇంతకన్న గలీజువి సూసింది."

డాక్టరు తలుపులోంచి తల బయటపెట్టి, "చెంచా అన్న. గ్లాసనలే" అని మళ్లీ లోపలికి పోయాడు.

పది నిమిషాలు ఆగాను. ఈసారి పాప చెంచా చూడగానే పెదవులు బిగించింది. బలవంతంగా పెడితే నీళ్లు గదవ మీదుగా కారిపోయాయి. భయపడిపోయిన బిడ్డ ఇక నోరు తెరవదు. ఇట్లా ఎంతసేపు గడిచిందో! ముసలామె గాజుల దుకాణం గురించి చెప్తోంది, ఈ కాలం పిల్లలకు మట్టిగాజులు చేదయ్యాయని చెప్తోంది. అంత మంచి మాటకారి నా పక్కన కూర్చోవడం నల్గొండ వచ్చాక అదే మొదలు. నాకేమో ఒక్క ముక్క చెవికెక్కడం లేదు. తోడెవరూ రాలేదా అని అడిగితే, మా ఆయన రాలేడనీ, అమ్మ ఫోన్ కలవదనీ, పాప ఉచ్చ పొయ్యాలనీ చెప్పి ఊరుకున్నాను.

"నోరు లేదా బేటీ నీకు? నేనొక్కదాన్నే మాట్లాడుతున్న."

"ఉన్నది ఖాలా, మస్తున్నది. ఇయ్యాల పనిజేస్తలేదు."

"తల్లికి పనిజెయ్యది, బిడ్డకు పనిజెయ్యది. డాక్టర్ సాబ్ ఇద్దరికీ తాపాలె మందు."

అప్పుడు నాకు తల్లి చచ్చిపోయిన గొర్రెపిల్లలు గుర్తొచ్చాయి. గంప కింద మూయడం బాపు పని. తల్లిలేని పిల్లకు తాపడం మాత్రం చిన్నప్పటి నుంచి నా పని. అది గిన్నె ముట్టదు, సీసా ముట్టదు. వేలు పాలల్లో ముంచి నోట్లో పెడితే, తల్లి రొమ్మనుకుని చప్పరిస్తుంది. లేచి వెళ్లి నల్లా దగ్గర సబ్బుతో చేతులు కడుక్కుని వచ్చాను. చిటికెనవేలు ఆ నీళ్లలో ముంచి పాప పెదవుల మధ్య పెట్టాను. కాసేపు ఊరికే ఉంది. తర్వాత నాలుక కదిలింది. చప్పరించింది.

"ఏంది, తేనె నాకిస్తున్నవా?" అంది ముసలామె వంగి చూస్తూ.

"గొర్రెపిల్లలకు గిట్లనే తాపిస్తం ఖాలా."

"మొగడు రాడు, అమ్మ రాదు, ఆఖరికి గొర్రెపిల్ల వచ్చింది నీకు తోడు" అని నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

ఇంకో రోగిని చూసి బయటికి వచ్చిన డాక్టరు నా వేలు చూశాడు. "మంచిదే గానీ ఏలుకెంత నీళ్లు అంటుతయి? అలవాటు పడ్డంక మెల్లగ చెంచా దిక్కు రా" అన్నాడు. ఆయన చెప్పినట్టే వేలి పక్కన చెంచా ఆనించి, వేలి మీదుగా పోశాను. తర్వాత వేలు తీసేశాను. పాపకు తెలియలేదు. ఒక చెంచా, కొంచెం ఆగడం, మళ్లీ ఒక చెంచా. నడుమ కొద్దిగా నా పాలు. కక్కలేదు.

ముసలామె కొడుకు ఆటో తెచ్చాడు. ఆమె లేచి, పాప నెత్తి మీద చెయ్యి పెట్టి, పెదవులు కదిలిస్తూ ఏదో చదివి మెల్లగా ఊదింది.

"పోస్తది, సూడు. పొయ్యకపోతె నా పేరు మార్చుకుంట."

ఆటో పోయాక గుర్తొచ్చింది, ఆమె పేరేమిటో నాకు చెప్పనే లేదు.

అందరూ పోయారు. డాక్టరు "పైన్నే ఉంట, పిలువు" అని అన్నానికి మెట్లెక్కాడు. గల్లీలో దుకాణాలు కూడా ఎండకు సగం షట్టర్లు దించుకున్నాయి. వరండాలో నేనూ, పాపా, సీసాలో నీళ్లూ. సీసాలో నీళ్లు తగ్గుతున్నాయి. పాప కింద వేసిన గుడ్డ మాత్రం పొడిగానే ఉంది. ఒక్కో చెంచాకు ఒకసారి కింద చెయ్యి పెట్టి చూసేదాన్ని. పొడి. ఎండ మొదటి మెట్టు మీది నుంచి బెంచీ కాలి దాకా జరిగింది. పొద్దుగూకేదాకా అన్నాడు డాక్టరు. పెద్ద దవాఖానకు ఏ ఆటోలో పోవాలో, ఒక చేత్తో సీటు కమ్మీ పట్టుకుని ఒక చేత్తో పాపను ఎట్లా పట్టుకోవాలో, అక్కడ చీటీ రాయించే లైనులో నిలబడితే దీన్ని ఎవరి చేతికివ్వాలో ఆలోచించాను. ఎన్ని సార్లు ఆలోచించినా ఆ లైను దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయేదాన్ని. ఇవ్వడానికి చేతులే దొరకలేదు.

ఆలోచనలో పడి చెంచా ఆలస్యం చేశాను. పాపకు కోపం వచ్చింది. గట్టిగా ఏడ్చింది. ఏడుస్తున్న దాని చెంప మీద తడి మెరిసింది. ముందు నేను చిందించిన నీళ్లే అనుకున్నాను. తుడిచాను. మళ్లీ వచ్చింది, కంటి కొస నుంచే వచ్చింది. "ఏడువు బిడ్డా, ఇంకా ఏడువు" అన్నాను. ఏ తల్లీ బిడ్డతో అనని మాట.

ఆ తర్వాత కొద్దిసేపటికి నా ఒడిలో వెచ్చగా అయింది. కదలకుండా కూర్చున్నాను, కదిలితే ఆగిపోతుందేమో అన్నట్టు. గుడ్డ తడిసింది, చీర తడిసింది, లంగా తడిసింది, తొడ మీదుగా కారి బెంచీ కింద పడింది.

"పోసింది!" అని అరిచాను. మందకు ఆ కొసన వినిపించే గొంతుతో అరిచాను.

ఎవ్వరూ లేరు. తోపుడుబండి కింద పడుకున్న కుక్క తలెత్తి చూసి మళ్లీ పడుకుంది. అంత పెద్ద సంగతి జరిగింది, గల్లీ మొత్తంలో చెప్పడానికి ఒక మనిషి లేదు. గాజుల ఖాలా ఇంకాసేపు ఉండి ఉంటే!

డాక్టరు చెప్పులు లేకుండా మెట్లు దిగి వచ్చాడు. చేతికి ఇంకా అన్నం మెతుకులున్నాయి.

"ఏమైంది? ఏమైంది?"

"పోసింది సార్!"

"గింత గట్టిగ అరుస్తరా? పానం మీదికొచ్చిందనుకున్న గద!" అన్నాడు కానీ మొహం వికసించింది. చెయ్యి కడుక్కుని వచ్చి పాప పొట్ట మీది చర్మం పట్టి వదిలాడు. ఈసారి మడత వెంటనే పోయింది. అయినా మమ్మల్ని అప్పుడే ఇంటికి పంపలేదు, ఇంకాసేపు తాపించాడు. రోజూ పోయాల్సిన జింక్ మందు రాశాడు. పాలు ఆపొద్దు, మెత్తటి అన్నం పెట్టు, నీళ్ల విరేచనమైన ప్రతిసారీ ఈ నీళ్లు తాపు, మెత్తబడినా, తాగకపోయినా, నెత్తురు కనబడినా ఆగకుండా రా, అన్నీ బాగున్నా రేపు ఒకసారి చూపించు అన్నాడు. తలుపు దగ్గర ఆగి, "గంప మాత్రం ఇంట్ల ఉంచకు" అన్నాడు.

షేర్ ఆటోలో నా పక్కనామె నా తడి చీర చూసి, ముక్కు చిట్లించి ఆ కొసకు జరిగింది. నాకు కోపం రాలేదు. నేనే ఆమె దిక్కు వంగాను.

"పొద్దటికెల్లి ఇప్పుడే పోసింది అక్కా."

"ఊఁ" అని ఆమె ఫోన్ చూసుకుంది. మా పాప "ఊ" లాంటిది కాదు అది.

గదికి వచ్చాక మా ఆయన ఫోన్ చేశాడు. "ఎట్లున్నది?" అన్నాడు. "ఉచ్చ పోసింది" అన్నాను. "మంచిది. బండి మీదున్న, మళ్ల జేస్త" అన్నాడు. ఖాలా బుర్ఖా గురించీ, వేలు గురించీ, చెప్పులు లేకుండా వచ్చిన డాక్టరు గురించీ చెప్పాలని ఊపిరి పీల్చుకుని ఉన్నాను. ఆ ఊపిరి అట్లాగే వదిలేశాను.

పొద్దుగూకే వేళకు అమ్మ ఫోన్ వచ్చింది.

"ఫోన్ జేసినవంట బిడ్డా?"

"ఊకెనే జేసిన."

"పిల్ల మంచిగున్నదా?"

"ఆఁ."

"తిన్నవా?"

"ఆఁ."

 "ఏమైందే? ఆఁ అంటవ్, ఊకుంటవ్. నువ్వు గింత తక్కువ మాట్లాడితె నాకు బుగులైతాంది. చెప్పు."

అంతే, మొదలుపెట్టాను. పొద్దున కక్కిన పాల నుంచి మొదలుపెట్టి పెనం మీద మిరపకాయలూ, బిందె వెనక దాచిన గ్లాసూ, కన్నీళ్లు లేని ఏడుపూ, పొట్ట మీద మడతా, అన్నీ చెప్పాను. ఉచ్చ పొయ్యడానికి డాక్టరు పొద్దుగూకే దాకా గడువిచ్చాడని చెప్పాను. గాజుల ఖాలా ఆటో ఎక్కిందని చెప్పాను. "గప్పుడేమైందో ఎరుకేనా అమ్మా?" అని అడిగాను. జవాబు లేదు. ఫోన్ చెవి దగ్గరి నుంచి తీసి చూస్తే ఎప్పుడో కట్ అయిపోయి ఉంది. తిరిగి చేస్తే స్విచాఫ్. కొట్టు మూసే వేళకు సగం చార్జింగ్‌తోనే తీసుకుని వచ్చుంటుంది.

అమ్మ ఎక్కడిదాకా విన్నదో తెలియదు. మిగిలిన కథ పాపకు చెప్పాను. కథ మొత్తం దాని గురించే. చెప్తుండగానే నిద్రపోయింది.

మరునాడు డాక్టరుకు చూపించి వచ్చి, పాపకు మెత్తటి అన్నం పెడుతుంటే తెలియని నెంబరు నుంచి ఫోన్ వచ్చింది. ఎవరో రైతు ఫోన్ అట, వాళ్ల చేనులోనే మంద ఉందట. అదంతా తర్వాత తెలిసింది. ముందు వినిపించింది మాత్రం ఒకటే మాట.

"పోసిందా?"

"పోసింది అమ్మా. నిన్ననే పోసింది. ఇప్పుడు అన్నం తింటాంది."

 అమ్మ గట్టిగా ఊపిరి వదిలిన చప్పుడు. తర్వాత ఫోన్ చెవి దగ్గరి నుంచి తీసినట్టుంది, గొంతు దూరమైంది, పెద్దదైంది.

"ఓ...! పోసిందంటా!"

ఎక్కడో చాలా దూరం నుంచి, గొర్ల అరుపుల అవతలి నుంచి బాపు గొంతు వచ్చింది. "ఆఁ?"

"పోసిందంటా! నిన్ననే పోసిందంటా!"

"ఎప్పుడూ?"

"నిన్ననే!"

ఫోన్‌లో నేనున్నానన్న సంగతే ఇద్దరూ మరిచిపోయారు. నేను పెట్టెయ్యలేదు. పాప నోటికి అన్నం ముద్ద అందిస్తూ, ఆ చేను ఈ కొస నుంచి ఆ కొసకు పోతున్న అరుపులు వింటూ కూర్చున్నాను.